కడిగిన సంఖ్య

అండాలత్త బత్తాయి తోటలో కూలబడిన పూట నేను హైదరాబాదులో, మా ప్రయోగశాలలో, ఒక సంఖ్యను కడుగుతున్నాను.

కడగడం అనేది మా దగ్గరి మాట. పెద్ద సంఖ్య ఒకటి ఇస్తే, దాన్ని ఏ రెండు సంఖ్యలు గుణిస్తే వచ్చిందో కనిపెట్టడం మా పని. చిన్నవాటికైతే బడిపిల్లలు చేస్తారు. వందల అంకెలున్న వాటి కోసం నేలమాళిగలో గడ్డకట్టే చలిలో నడిచే క్వాంటమ్ యంత్రం ఒకటుంది. దానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు 'పొయ్యి'. పొయ్యి ఎక్కించే ముందు ప్రతి సంఖ్యనూ చిన్న చిన్న పరీక్షలతో చూడాలన్నది నా గైడు వహీదా మేడం పెట్టిన ఆచారం. మూడుతో పోతుందా, ఏడుతో పోతుందా, ఏదైనా వర్గానికి మరీ దగ్గరగా ఉందా? "రాళ్లు చూడకుండా బియ్యం ఎసట్లో పోస్తామా బేటా?" అనేది ఆవిడ. కడిగితే సాధారణంగా ఏమీ దొరకదు. అయినా కడిగేవాళ్లం.

ఫోన్ మోగింది. నాయన.

"నీలవేణీ, అత్త పడ్డది బిడ్డా. కాళ్లు లేస్తలెవ్వు."

"జారిందా?"

"జారుడు గాదు. కాయ తెంపుకుంట తెంపుకుంట కూలబడ్డది. అత్త ఒక్కతే గాదు, తీగోళ్లంత పడ్డరు. గొర్లకాడ లింగయ్య, బడికాడ వంటజేసే సైదమ్మ, అందరు ఒక్కసారే."

మా ఊరు మునుగోడు పక్కన. మా బోరునీళ్లలో ఫ్లోరైడు ఉంటుందన్న సంగతి మా తాతల కాలం నుంచీ అందరికీ తెలుసు. తాగినవాళ్లకు తెలుసు, ఫొటోలు తీసుకుపోయినవాళ్లకూ తెలుసు. మంచినీళ్లు వచ్చేసరికే అండాలత్త, ముప్పై ఏళ్ల వయసులో, కొడవలిలా వంగిపోయి ఉంది. తర్వాత కాళ్లు పడిపోయాయి. వెన్నులో ఎముక పెరిగి నరాన్ని నొక్కేస్తే, నడవమని మెదడు పంపే కబురు అక్కడే ఆగిపోతుంది.

నాలుగేళ్ల క్రితం ఒక కంపెనీ మా నాలుగూళ్లకు తీగ తెచ్చింది. దారం కంటే సన్నం. దాన్ని వెన్నులో అమరుస్తారు. నొక్కుడు పడ్డ చోటుకు పైన కబురును అందుకుని, కింద వదిలిపెడుతుంది. బాటకు అడ్డంగా గోడ లేస్తే పక్క చేనులోంచి దారి తీసినట్టు. అది పెట్టించుకున్న ఏడు అత్త మొహర్రంలో పీరీల పండక్కి అలాయి నిప్పుల గుండం చుట్టూ తిరిగింది. నడుము నిటారు కాలేదు, మోకాళ్లు వంకరే. కానీ తిరిగింది. తీగకు శక్తినిచ్చే పట్టీ ఒకటి నడుముకు కట్టుకోవాలని మాత్రం చెప్పారు. మిగతాది చెప్పలేదు.

మిగతాది ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక నేను తెలుసుకున్నాను. అత్త నులకమంచంలో పడుకుని ఉంది. నన్ను చూడగానే ఫోను చేతిలో పెట్టింది.

"ఏదో వచ్చింది సూడు. మీ నాయన సదివిండు గాని, సదివి ఉమ్మేసిండు. నాకు సక్కగ జెప్పలే."

కంపెనీ నుంచి వచ్చిన సందేశం అది. 'అధ్యయనం విజయవంతముగా ముగిసినది. మీ అమూల్య సహకారమునకు ధన్యవాదములు.' అత్త చెట్టు కింద మట్టిలో పడి ఉన్నప్పుడు, ఆ నిమిషంలోనే, వచ్చింది.

చదివి వినిపించాను.

"దన్యవాదాలా?" అంది అత్త. "నా మొగుడు ఇడిసిపెట్టి పోయిననాడు గూడ గింత మర్యాద జెయ్యలే పిల్లా."

నాయన నవ్వబోయి ఆగిపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి గోడను గోకుతున్నాడు.

నెట్‌లో, ఆ ఫోనులో వెతికితే విషయం తేలింది. కంపెనీని ఇంకెవరో కొనుక్కున్నారు. కొన్నవాళ్లకు మా నాలుగూళ్ల లెక్క అక్కర్లేకపోయింది. తీగ వారానికోసారి ఇంట్లోని ఫోను ద్వారా కంపెనీ యంత్రాన్ని ఒక మాట అడుగుతుంది: నడవనా? నడువు అని జవాబు వస్తే మళ్లీ వారందాకా పనిచేస్తుంది. ఈ వారం ఎవరూ జవాబివ్వలేదు. నాలుగేళ్లుగా మా అత్త అడుగు తీసి అడుగు వేయడానికి ఎక్కడో ఎవరో సరేననాల్సి వచ్చిందని, ఆ అత్తకే తెలియదు.

"నా నడుముల ఉన్న తీగ నాదా, ఆళ్లదా?" అడిగింది.

"లోపలుంది కాబట్టి నీదే అత్తా."

"మరి తాళం?"

"వాళ్లది."

అత్త పట్టీ విప్పి నా ఒళ్లోకి విసిరింది.

పట్టీని నా ఫోనుతో చదివితే తాళం సంఖ్య కనబడింది. ఆరువందల పదిహేడు అంకెలు, తెర మీద అడుగుదాకా బారులు తీరి. దాన్ని దాచలేదు. దాచనక్కర్లేదు కూడా. ఇలాంటి తాళాల్లో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి, వచ్చిన లబ్ధాన్ని బాహాటంగా రాసి పెడతారు. ఆ రెండూ తెలిసినవాళ్లు పంపిన జవాబునే తీగ నమ్ముతుంది. లబ్ధాన్ని చూసి ఆ రెంటినీ పట్టుకోవడం మనుషుల వల్ల కాదన్నదే తాళానికున్న బలం.

పక్కింటి సైదమ్మ పట్టీ కూడా చదివాను. అదే సంఖ్య. లింగయ్య పట్టీ, అదే. అందరికీ ఒకటే తాళం. ఒప్పుకోలు కాగితాల మీద వేలిముద్రలు మాత్రం ఒక్కొక్కరి దగ్గరా విడివిడిగా తీసుకున్నారు.

* * *

మా డైరెక్టరు చక్రపాణి గారు మంచివారని పేరు. నేను చెప్పిందంతా విన్నారు. విన్నంతసేపూ టీకప్పు మూతను తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నారు.

"బాధాకరమే నీలవేణీ. కానీ పొయ్యి ఇవ్వలేను. వ్యాపార సంస్థల తాళాల జోలికి పోమని ఒప్పందం మీద సంతకం చేశాం. ఇది సెంటిమెంటుతో చూసే విషయం కాదు."

"సార్, మనుషులు మంచాల్లో పడి ఉన్నారు."

"కంపెనీకి ఒక విన్నపం రాయించు. నేను కూడా కింద ఒక వాక్యం రాస్తాను."

ఒక వాక్యం! ఆయన అది నిజంగానే సాయం అనుకుని అన్నారు. నాకు ఒళ్లు మండింది. కానీ నాకు గట్టిగా మాట్లాడటం చిన్నప్పటి నుంచీ చేతకాదు. లేచి బయటికి వచ్చేశాను.

వహీదా మేడం తన గదిలో చపాతీ తింటోంది. విషయం విని డబ్బా మూసేసింది.

"పొయ్యి ఇవ్వనన్నారు. కడగొద్దన్నారా?"

"అనలేదు."

"కడగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. చెయ్యి కడుక్కుని వస్తాను, నువ్వు సంఖ్య ఎక్కించు."

మాకు ఆశేమీ లేదు. పొయ్యి మీదే నెలలు పట్టే సంఖ్య అది. ఏదో ఒకటి చేయకుండా కూర్చోలేక చేశాం, చావు కబురు విన్నాక ఇల్లు ఊడ్చుకున్నట్టు. మూడుతో పోలేదు. ఏడుతో పోలేదు. కోటి లోపలున్న ఏ ప్రధాన సంఖ్యతోనూ పోలేదు. తర్వాతది వర్గాల పరీక్ష. మా సంఖ్యకు సరిగ్గా పైనున్న పూర్ణ వర్గాన్ని తీసుకుని, అందులోంచి మా సంఖ్యను తీసేయాలి. మామూలుగా అయితే మిగిలేది కూడా వందల అంకెల పొడవుంటుంది.

తెర మీద ఆరంకెలు పడ్డాయి. 271441.

యంత్రం తప్పు చేసిందనుకుని మళ్లీ చేశాను. అవే ఆరంకెలు.

"దీనికి వర్గమూలం చూడు," అంది మేడం.

521. సరిగ్గా, శేషం లేకుండా.

మా ఊరి బత్తాయి తోటలో ముప్పై సాళ్లు, సాలుకు ముప్పై చెట్లు. మూలన ఒకటి ఎండిపోతే మిగిలేవి ఎనిమిది వందల తొంభై తొమ్మిది. చూడ్డానికి మొండి సంఖ్యే. కానీ ముప్పైకి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ తీసుకుని ఇరవై తొమ్మిదిని ముప్పై ఒకటితో గుణిస్తే సరిగ్గా అదే వస్తుంది. నిండు చదరంలో మూలన ఒక చిన్న చదరం మాత్రమే తగ్గిన సంఖ్య తన గుట్టు దాచుకోలేదు. కంపెనీ సంఖ్య అలాంటి తోటే. ఆకాశం పట్టనంత పెద్ద తోట, మూలన తగ్గింది అయిదు వందల ఇరవై ఒకటి పొడవు, అంతే వెడల్పున్న చిన్న మడి. ఆ పెద్ద చదరం భుజంలోంచి 521 తీసేస్తే ఒక కారణాంకం, కలిపితే రెండోది. గుణించి చూశాం. ఆరువందల పదిహేడు అంకెలూ వరసగా సరిపోయాయి.

పొయ్యి వెలగలేదు. కడుగునీళ్లలోనే ఉడికిపోయింది.

నేను సంతోషంతో మేడం చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ మొహం చూసి ఆగాను. ఎన్నడూ గొంతు పెంచని మనిషి బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"అర్థమైందా నీకు? వీళ్లు రెండో సంఖ్యను వెతకను కూడా వెతకలేదు. ఒక ప్రధాన సంఖ్య దొరికింది. దాని పక్కింట్లో ఉన్నదాన్ని పిలిచి నువ్వు కూడా రా అన్నారు. అంతే! మొదటేడు పిల్లలకు మొదటి వారంలో చెప్తాం, రెండూ దగ్గర దగ్గరగా తీసుకోవద్దని. వాళ్ల బ్యాంకు లావాదేవీలకు ఇలాంటి తాళం వేస్తారా? వాళ్ల ఆఫీసు తలుపుకు వేస్తారా? ముసలోళ్లు, కూలోళ్లు, ఫ్లోరైడు మనుషులు. వీళ్ల వెన్నుకు ఏ తాళమైతే ఏంలే అనుకున్నారు."

నాకు అప్పుడు తెలిసింది. సందేశంలో ధన్యవాదాలు చదివినప్పుడు కూడా ఇంత అవమానంగా అనిపించలేదు. వాళ్లు మాకు ద్రోహం చేశారు, సరే. ఆ ద్రోహానికి వేసిన తాళం కూడా శ్రద్ధగా వేయలేదు. మేకల దొడ్డికి కట్టే తాడు ముడి ఇంతకంటే గట్టిగా ఉంటుంది.

"ఇంకో సంగతి," అంది మేడం, ఈసారి మెల్లగా. "మనకు ఒక్క మధ్యాహ్నంలో ఊడింది. నాలుగేళ్లలో ఎవడికైనా ఊడేది. నడువు అని పంపగలిగినవాడు పరిగెత్తు అని కూడా పంపగలడు. బావి దగ్గర ఉన్నప్పుడు."



* * *

ఆ సంఖ్యలో బలహీనత ఉందని మేడం డైరెక్టరు గారికి చెప్పింది. ఎలాంటిదో చెప్పలేదు. ఒక్క వాక్యంలో చెప్పేయగల రహస్యం అది. ఒక మెయిల్‌లో రాస్తే పదిమంది చేతుల మీదుగా పోతుంది. ఆ పదిమందిలో ఒక్కడు చాలు.

"ముందు కంపెనీకి తెలియజేయడం మన వృత్తిలో మర్యాద," అన్నారాయన. "సోమవారం రాస్తాను."

"తీగ మోస్తున్నవాళ్లకు ముందు చెప్పడం మర్యాద కాదా సార్?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆయన కప్పు మూత పెట్టారు, మళ్లీ తీయలేదు.

శనివారం పొద్దున మేడం కారులో ఊరికి వెళ్లాం. అత్త మంచం పక్కన మేడం కింద చాప మీద కూర్చుంది. ఏం చేయగలమో, ఏం చేయలేమో దాచకుండా చెప్పింది.

"నడువు అని మేం జవాబు పంపగలం. కానీ అదొక్కటే చేస్తే తాళం పాతదే ఉంటుంది, ఎవరైనా తీస్తారు. అందుకని తాళమే మార్చాలి. మార్చడానికి తీగ ఒక్కసారే ఒప్పుకుంటుంది. అందులో మేం పొరపాటు చేస్తే మీ తీగ మళ్లీ ఎప్పటికీ లేవదు. మీరు వద్దంటే వెళ్లిపోతాం."

"అమ్మా, నీ పేరేంది?"

"వహీదా."

"వైదమ్మా, కంపెనోళ్లు వచ్చిననాడు గిట్ల కింద కూసోలే. కుర్చీలు తెచ్చుకున్నరు," అంది అత్త. "సచ్చిన కాళ్లకు కొత్తగ వచ్చే సావేందమ్మా? పెట్టు. గాని ఒక్క మాట. కొత్త తాళం నీకాడ ఉంటదా, ఈ పిల్లకాడనా?"

"మా దగ్గర కాదు. మీ దగ్గరే. ఒక్కొక్కరికీ వేరే సంఖ్య. దాని రెండు కారణాంకాలూ మీ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు."

మేం తెచ్చినవి వేలి గోరంత చిన్న బిళ్లలు; కారణాంకాలు ఉండేది వాటిలోనే, వారం వారం తీగకు నడువు అని జవాబిచ్చేవీ అవే. వాటిని ఎక్కడ దాచుకోవాలన్నది ముందే ఆలోచించలేదు. అత్త తన కుడి చేతి దండకున్న ఇత్తడి తాయెత్తు చూపించింది.

"పీరీలకాడ కట్టించుకున్నది. దీన్ల ఇంక జాగుంది. పెట్టు."

కొత్త సంఖ్యను అక్కడే, అత్త కళ్లముందే తయారు చేశాం. రెండు ప్రధాన సంఖ్యలనూ ఎంతో దూరం దూరంగా ఎంచుకున్నాం. కడిగాం. మళ్లీ కడిగాం. తర్వాత పాత తాళంతో తెరిచి, కొత్తది వేయమని కబురు పంపాను. నాయన బయటికి వెళ్లిపోయాడు.

అత్త కుడి బొటనవేలు కదిలింది.

"ఆగు," అంది. ఎవరితోనో తెలియలేదు, బహుశా కాలితోనే. "ఆగాగు. నేను జెప్పినప్పుడు కదులు."

ఆమె చెప్పినప్పుడే కదిలింది.

* * *

సోమవారం రాసిన ఉత్తరానికి కంపెనీ జవాబు త్వరగానే వచ్చింది. తమ తాళంలో బలహీనత ఉండే అవకాశమే లేదని, నిపుణులు ధ్రువీకరించారని. ఆ తర్వాత మా నాలుగూళ్లలోనూ మేం తాళం మార్చిన తీగలన్నీ నడుస్తున్న సంగతి తెలిసి రెండో ఉత్తరం రాసింది. ఆరువందల పదిహేడు అంకెల సంఖ్యను ఎవరూ విడదీయలేరు గనక, విడిపోయింది గనక, వహీదా మేడం, నేను కలిసి తాళంచెవి దొంగిలించామని.

డైరెక్టరు గారు మమ్మల్ని పిలిచారు. "అంత పెద్ద సంస్థ తాళం బియ్యం కడిగినట్టు కడిగితే ఊడిందంటే నన్ను నమ్మమంటారా? సరే, ఎలా చేశారో చూపించండి. ఇప్పుడే విచారణ కమిటీకి రాసేస్తాను."

చూపించడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ మా నాలుగూళ్లతో అది అయిపోలేదు. రాజస్థాన్‌లో ఫ్లోరైడు ఊళ్లు కొన్నింటికి కూడా కంపెనీ ఇదే తీగ ఇచ్చింది, ఇదే తాళంతో. వాళ్లూ మంచాల మీదే ఉన్నారు. మేం బోర్డు మీద ఆ ఒక్క వాక్యం రాసిన రోజున వాళ్ల వెన్నులు బజార్లో పడతాయి.

మేడం నా వైపు చూసింది. "చూపించం," అంది.

నా ఫెలోషిప్ ఆపేశారు. మేడం గది తలుపు మీది పేరు తీసేశారు. పేపర్లో దొంగ అన్న మాట వాడకుండా దొంగలని రాశారు. హాస్టల్లో నాతో కలిసి తిన్న అమ్మాయిలు పళ్లెం తీసుకుని పక్క బల్లకు పోయారు. నిజం చెప్పడానికి నాకు అనుమతి లేదు, ఆ అనుమతి ఇవ్వాల్సినవాళ్లు ఇంకా మంచాల మీద ఉన్నారు.

ఆ వేసవంతా మేడమూ నేనూ రాజస్థాన్‌లో తిరిగాం. భాష రాని ఊళ్లలో కింద కూర్చున్నాం. అక్కడి ఆడవాళ్లు కూడా మా అత్త అడిగిందే అడిగారు. కొత్త తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మాకు గడువిచ్చింది కంపెనీ అహంకారమే. తమ తాళంలో తప్పుందని ఒప్పుకోవడం ఇష్టం లేక దాన్ని మార్చనే లేదు.

చివరి తీగ మారిన రోజు మేడం డైరెక్టరు గారికి ఫోన్ చేసింది. "ఇప్పుడు కమిటీని పిలవండి. చూపిస్తాం."

* * *

విచారణ మా ప్రయోగశాల రెండో అంతస్తులో. కంపెనీ తరఫున వచ్చిన లాయరు గారు, సాక్ష్యానికి మాతో వచ్చిన అత్తను చూసి, ఆమె నడుములో ఉన్నది తమ ఆస్తి అని కమిటీకి గుర్తుచేశారు.

"మరి తీస్కపో," అంది అత్త. "నన్ను గూడ తీస్కపో, నేను దాన్కి అతుక్కోని ఉన్న. మూడు పూటల బువ్వ పెట్టాలె, సూస్కో."

కమిటీలో ఒకరిద్దరు నవ్వి, వెంటనే దగ్గారు.

డైరెక్టరు గారు మాత్రం నవ్వలేదు. లేచి తన కుర్చీ ముందుకు జరిపారు. "మెట్లెక్కి వచ్చారు, అలసిపోయి ఉంటారు. కూర్చోండమ్మా."

"వద్దు సారూ."

"చాలాసేపు పడుతుందేమో."

"పట్టనియ్యి. కాయ తెంపుకుంట ఉన్నదాన్ని పండవెట్టిండ్రు. ఇయ్యాల నిలబడెతందుకే వచ్చిన."

మేడం బోర్డు దగ్గరికి వెళ్లింది. ఎవరి సంఖ్యనూ రాయలేదు. 899 అని రాసింది. దాని పక్కన 900 రాసింది. తీసివేత గీత గీసింది. ఆ తర్వాత కంపెనీ సంఖ్యను తెర మీద వేయమని నాకు చెప్పింది. నేను వేశాను. వర్గాన్ని తీసుకున్నాను, తీసివేశాను. ఆరంకెలు పడ్డాయి.

లెక్కలు తెలిసిన కమిటీ సభ్యుడొకాయన కళ్లద్దాలు తీశాడు. తెలియని లాయరు ఆయన మొహం చూసి, చేతిలోని కాగితాలు కింద పెట్టాడు. డైరెక్టరు గారు తెరవైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన జరిపిన కుర్చీ గది మధ్యలో ఖాళీగా ఉంది.

"గింతేనా?" అంది అత్త నన్ను. "గీ తాళమేనా నాకు ఏసింది?"

"ఇంతే అత్తా."

ఆమె ఎడమ చేత్తో దండ మీది తాయెత్తును ఒకసారి తడుముకుంది. గోడకు ఆనుకోలేదు. విచారణ సాయంత్రం దాకా సాగింది. లాయరు రెండుసార్లు వాయిదా అడిగాడు. అంతసేపూ, వంకర మోకాళ్లతో, వంగిన నడుముతో, అండాలత్త నిలబడే ఉంది.